చిత్రమునకు పూచీ ఎవ్వరు?

బొగ్గుబావిలో ముప్పది యేండ్లు చెమటోడ్చి పదవీవిరమణ పొందిన గోదావరిఖని కార్మికుని చేతికందు సొమ్ములో సింహభాగము ఒక్క కార్యమునకే వ్యయమగుచుండును. అది గృహనిర్మాణము. ఉద్యోగముతోపాటు కంపెనీ క్వార్టరును పోవును గావున సొంతగూడు చూచుకొనక ఆతనికి తప్పదు. గ్రాట్యుటీయు ప్రావిడెంటు ఫండును కలిపి గోదావరిఖనిలోనో, మంచిర్యాలలోనో, కరీంనగరములోనో, స్వగ్రామముననో ఒక ఇల్లు లేవనెత్తును. పూర్వము మేస్త్రీ నేలమీద ముగ్గుతో గీచిన గీతలే ఆతనికి ప్లాను. నేడట్లు కాదు. పునాది త్రవ్వకమునుపే ఇంటి ముఖచిత్రము ఫోనులో ప్రత్యక్షమగుచున్నది. ఆ బొమ్మను జూచియే ఆలుబిడ్డలు మురియుచున్నారు. ఆ బొమ్మను జూచియే బయానా చెల్లుచున్నది. పట్టణములలో ఫ్లాట్లు కొనువారి సంగతియు నిట్టిదే. కట్టడము కానరాదు, కానవచ్చునది చిత్రము మాత్రమే. లక్షల రూపాయల వ్యవహారమునకు సాక్షిగా నిలుచుచున్న యీ చిత్రము నిజమైనదా, దానికి పూచీ ఎవ్వరు, దానిని వ్రాయువాని గతి యేమి అను మూడు ప్రశ్నలును ఒకదానితో నొకటి ముడివడి యున్నవి. మొదటి రెండింటిని విడిచి మూడవదానిని మాత్రమే విచారించువారు దానికిని సమాధానము కనుగొనజాలరు.

జనులు దీనిని త్రీడీ ఎలివేషను అనుచున్నారు. దీనిని వ్రాయువారిలో అనేకులు కార్మికకుటుంబములలో పుట్టిన యువకులే. సింగరేణిలో కారుణ్యనియామకము లభించినను అది ఇంట నొక్కనికే. మిగిలినవారు పాలిటెక్నికులోనో ఐటీఐలోనో చదివి, డ్రాఫ్టుమను పని నేర్చి, ఒక గది, ఒక కంప్యూటరు పెట్టుబడిగా జీవనము సాగించుచున్నారు. వీరికి యజమాని లేడు, జీతము లేదు. ఇంజనీరో బిల్డరో పంపిన ప్లానును ముందిడుకొని, గోడల కొలతలు, కిటికీల ఎత్తులు, మెట్ల మలుపులు కంప్యూటరులో నిలబెట్టి, సున్నమునకు సున్నపు ఛాయ, రాతికి రాతి ఛాయ కూర్చి, సూర్యకాంతి ఏ వైపునుండి పడునో నిర్ణయింతురు. పిదప యంత్రము ఆ వెలుగునీడలను గణించి చిత్రముగా వెలువరించును. ఒక్కొక్క చిత్రమునకు గంటలకొలది కాలము పట్టుటయు గలదు. అంతయు నైన తరువాత గృహస్థు బాల్కనీ ముందునకు రావలెననును. గృహిణి రంగు మార్చుమనును. వాస్తు చెప్పువాడు మెట్లను త్రిప్పుమనును. నాలుగైదు మారులు మార్చినను ప్రతిఫలము మొదట అనుకొన్నదే. ఇల్లు నిర్మాణము కాక నిలిచిపోయినచో అదియు రాకపోవచ్చును.

ఈ వృత్తికి మార్పు క్రొత్త కాదు. ఒకనాడు వాస్తుశిల్పి కార్యాలయములో దృశ్యచిత్రమును కుంచెతో, జలవర్ణములతో వ్రాయుచుండిరి. 1982లో ఆటోక్యాడ్ వెలువడినది. 1990లో త్రీడీ స్టూడియో పుట్టి, 1996లో మ్యాక్స్ అను రూపము దాల్చినది. 2000లో స్కెచప్ వచ్చి, గణితము తెలియనివాడును గోడలు లేపగల సులభమార్గము చూపినది. 2002లో బల్గేరియా దేశస్థుల వీరే వచ్చి కాంతికి సహజత్వము కూర్చినది. పిదప లూమియన్ మొదలగు సాధనములు గంటల పనిని నిమిషములకు దించినవి. ప్రతి సాధనమును కొందరి చేతిపనిని హరించినది. నేర్చినవారికి మాత్రము అన్నము పెట్టినది. అందుచేత ఈ యువకులు యంత్రద్వేషులు కారు. యంత్రమే వారి నాగలి.

కాని నాగలి ఎవరిది? ఈ ప్రశ్నను మన కర్షకులకు వేరుగా వివరింపనక్కరలేదు. పూర్వము సాఫ్టువేరును ఒకమారు కొన్నచో అది కొన్నవానిదై యుండెడిది. 2016లో ఆటోడెస్కు సంస్థ శాశ్వతహక్కుతో నమ్ముటను నిలిపివేసి, కాలానుసారముగ అద్దె చెల్లించు పద్ధతిని నెలకొల్పినది. 2020లో స్కెచప్ కూడ ఆ దారినే పట్టినది. అద్దె ఆగిన నాడు పనిముట్టు ఆగును. గోదావరిఖనిలో రాత్రింబవళ్ళు పనిచేయు యువకుని సంపాదనలో నొక భాగము విదేశములకు కౌలుగా పోవుచున్నదన్నమాట. కౌలు చెల్లింపజాలనివారు దొంగనకళ్ళతో పని వెళ్ళబుచ్చుచున్నారు. అది న్యాయమును గాదు, క్షేమమును గాదు. ఇందుకు విరుగుడు లేకపోలేదు. బ్లెండర్ అను సాధనమును మూసివేయునట్టి పరిస్థితి వచ్చినపుడు, 2002లో దాని వాడుకరులే చందాలు వేసికొని, లక్ష యూరోల పైచిలుకు కూడబెట్టి, దానిని సర్వజనుల సొత్తు గావించిరి. నేటికిని అది ఉచితముగనే లభించుచున్నది. పదిమంది కలిసినచో పనిముట్టును విముక్తి చేయవచ్చుననుటకు ఇంతకంటె వేరు దృష్టాంతమేల?

ఇంతవరకు వచ్చిన మార్పులన్నియు పనిముట్టులోని మార్పులు. 2022లో వచ్చినది మరియొక జాతికి చెందినది. ఆ యేట మిడ్‌జర్నీ, స్టేబుల్ డిఫ్యూజన్ అను కృత్రిమమేధా యంత్రములు బహిరంగమైనవి. కొలతలతో పనిలేదు, నమూనా కట్టనక్కరలేదు. "రెండంతస్తుల ఇల్లు, ముందు తోట, సాయంకాలపు వెలుగు" అని వాక్యము వ్రాసినచో నిమిషములో నాలుగు చిత్రములు సిద్ధము. చేతిగీతను చూపినను అందమైన భవనముగ మార్చి యిచ్చును. బిల్డరు తన ఫోనులోనే బొమ్మ పుట్టించుకొనుచు, "ఇది ఉచితముగ వచ్చుచుండగా నీకేల ఇయ్యవలెను?" అని చిత్రకారుని ప్రశ్నించు దినములు వచ్చినవి. ధర తగ్గుచున్నది, పని కోరువాని ఓపిక అంతకంటె వేగముగ తగ్గుచున్నది.

యంత్రము వచ్చి మనిషిని తొలగించుట ఈ బొగ్గుసీమకు తెలిసిన కథయే. తట్టా చెమ్మసులతో బొగ్గునెత్తి టబ్బులలో నింపు కాలముండెను. పిదప ఎస్డీఎల్, ఎల్‌హెచ్‌డీ యంత్రములు బావులలోనికి దిగినవి. ఓపెన్‌కాస్టు గనులు నేలను తెరచినవి. 2014లో అడ్రియాల లాంగ్‌వాల్ గనిలో ఉత్పత్తి ప్రారంభమైనది. 1990ల తొలినాళ్ళలో లక్షకు పైబడియుండిన సింగరేణి కార్మికుల సంఖ్య నేడు నలుబదివేల పరిసరములకు దిగినది. ఉత్పత్తి మాత్రము తగ్గలేదు, పెరిగినది. ఆ మార్పు కష్టములేకయే జరిగినదని చెప్పము. అయినను అక్కడ కార్మికునకు సంఘముండెను, వేతన ఒప్పందముండెను, స్వచ్ఛంద పదవీవిరమణ పథకముండెను, సమ్మె యను ఆయుధముండెను. 1998 నుండి గుర్తింపు సంఘమునకు ఎన్నికలు జరుగుచున్నవి. 2023 డిసెంబరు 27న జరిగిన ఎన్నికలను రాష్ట్రమంతయు ఆసక్తితో వీక్షించినది. షిఫ్టు మారువేళ బావి మొగదల వేలమంది ఒక్కచోట నిలుచుదురు. కష్టము కలిసియుండుటచే కంఠమును కలిసినది.

చిత్రకారునికి బావిమొగ లేదు. ఆతడు తన గదిలో నొంటరి. తన ధర తగ్గినదని తెలియును గాని, ప్రక్కవీధిలోని తోటివాని ధరయు తగ్గినదని తెలియదు. తెలిసినను వానిని పోటీదారునిగనే తలచును. ఇరువదియేండ్ల క్రిందట ఫ్లెక్సీ ముద్రణ వచ్చినపుడు మన పట్టణములలో సినిమా బ్యానర్లు, అంగళ్ళ బోర్డులు వ్రాయు చిత్రకారులు ఎట్లు కనుమరుగైరో చూచితిమి. వారు సమ్మె చేయలేదు, ఊరేగింపు తీయలేదు. ఒక్కొక్కరుగ కుంచె క్రిందబెట్టిరి. ఒక వృత్తి చచ్చినపుడు చప్పుడు కాకపోవుట దాని నొప్పి స్వల్పమనుటకు సూచన గాదు.

2020 నాటి సాంఘికభద్రతా స్మృతి, 2025 నవంబరు 21 నుండి అమలులోనికి వచ్చినది. అందు గిగ్ కార్మికుడను పేరు చట్టమున కెక్కినది. సంతోషమే. కాని బండి నడుపువానికిని, సరకు చేర్చువానికిని నడుమ నొక పెద్ద సంస్థ యుండును. దాని రాబడిలో నొకటి, రెండు పాళ్ళు భద్రతానిధికి రాబట్టుదురు. నేడు ఈ బిల్డరుకును రేపు ఆ ఇంజనీరుకును బొమ్మ వ్రాయువాని పక్షమున నిధికి చెల్లించువాడెవ్వడు? స్మృతి ఈ ప్రశ్నకు సూటియైన జవాబీయదు.

ఇక చిత్రము నిజమునకు వత్తము. తెలుగునాట గత దశాబ్దమున ఈ వృత్తి పేరే రాజకీయములలో నిందావాచకమైనది. 2015 అక్టోబరు 22న అమరావతికి శంకుస్థాపన జరిగినది. జపాను వాస్తుశిల్పి మాకీ సంస్థ నమూనాలు, పిదప ఇంగ్లండుకు చెందిన ఫోస్టర్ సంస్థ నమూనాలు వెలువడినవి. 2017లో చలనచిత్ర దర్శకుడు రాజమౌళి సలహాను సైతము కోరిరి. చిత్రములు ఆకాశమంటినవి. నేలపై కట్టడములు నెమ్మదిగ లేచినవి. ప్రతిపక్షులు "గ్రాఫిక్సు" అని హేళన చేసిరి. 2019లో ప్రభుత్వము మారగా పనులు నిలిచినవి. 2024లో మరల మారగా తిరిగి తలకెత్తుకొని, 2025 మే 2న ప్రధానమంత్రి చేత పునఃప్రారంభము గావించిరి. ఈ వివాదమున ఏ పక్షము న్యాయమో యిట విచారింపము. మనము గమనింపవలసినది వేరు. భూమి నిచ్చిన రైతు నమ్మినది చిత్రమును. చిత్రమునకును కట్టడమునకును నడుమ గల నిధులు, అనుమతులు, కాలపరిమితి, పట్టుదల అనువానిని చిత్రము చూపలేదు. తప్పు చిత్రకారునిది గాదు. చిత్రమును వాగ్దానముగ వాడి, దానికి పూచీ వ్రాయనివారిది.

రెండవ దృష్టాంతము హైదరాబాదుది. 2025 మార్చి కడపట కంచ గచ్చిబౌలిలోని 400 ఎకరములలో చెట్లు నరుకుట దేశమంతట చర్చకు వచ్చినది. ఏప్రిలు 3న సుప్రీంకోర్టు ఆ పనులను నిలిపివేసినది. చెట్లు కూలినమాట నిజము. కాని యంత్రము పుట్టించిన కృత్రిమచిత్రములు కూడ ఆ నడుమ ప్రచారములోనికి వచ్చుటచే, ప్రభుత్వము వానిని చూపి కేసులు పెట్టినది. చర్చ చెట్లమీదినుండి బొమ్మలమీదికి మరలినది. కల్పితచిత్రము అబద్ధమునకు బలము చేకూర్చుటయే గాక, నిజమునకు బలము తీసివేయును. ఇది అందరును జ్ఞప్తియందుంచుకొనవలసిన పాఠము.

ఇప్పుడు గోదావరిఖనికి తిరిగి రండు. యంత్రము వ్రాసిన ఇంటిబొమ్మలో గోడలు పాలవలె తెల్లన, ముంగిట పచ్చికబయలు, పడమటి ముఖమంతయు అద్దము. రామగుండపు వేసవిలో ఎండ 45 డిగ్రీలు దాటుట వింతగాదు. పడమటి అద్దము ఆ ఇంటిని కొలిమి గావించును. బొగ్గుదుమ్మును, విద్యుత్కేంద్రముల బూడిదయు ఆ తెల్లని గోడను తెల్లగ నుండనీయవు. ఓపెన్‌కాస్టు పేలుళ్ళకు ఇండ్లు అదరుచున్నవని సమీపవాసులు మొరపెట్టుకొనుచుండ, స్తంభము లేక గాలిలో నిలిచిన బాల్కనీ బొమ్మలో ఎంత సొగసైనను గృహస్థునకు ఏమి ధైర్యమిచ్చును? యంత్రమునకు ప్రపంచమందలి కోట్ల చిత్రములు తెలియును. ఈ వీధి తెలియదు. ప్లానులో మూడడుగులున్న కిటికీ బొమ్మలో ఆరడుగులగుట, మెట్లు గోడలో కలిసిపోవుట మొదలగు దోషములు నానాటికి తగ్గుచున్న మాట సత్యమే. రేపు పూర్తిగ తొలగవచ్చును. కాని తప్పు జరిగిన నాడు "నేను వ్రాసితిని, నేనే సవరింతును" అనువాడు యంత్రములో నెన్నడును ఉండడు.

ఇందే చిత్రకారుని భవిష్యత్తు గలదు. అందమునకు ధర పడిపోయినది, ఇక లేవదు. అందమును మాత్రమే అమ్మబూనువాడు యంత్రముతో పోటీపడి ఓడును. కొలతకు కట్టుబడిన చిత్రమునకు, ఎండను గాలిని ఎరిగిన చిత్రమునకు, సంతకముగల చిత్రమునకు మాత్రము కొరత యున్నది. బొమ్మలు వెల్లువెత్తుకొలదియు ఆ కొరత పెరుగును. ఆ యువకుడు యంత్రమును విడనాడనక్కరలేదు. రంగులు, చెట్లు, ఆకాశము అది వ్రాయవచ్చును. గోడ ఎక్కడ నిలుచునో మాత్రము ఆతడే చెప్పవలెను.

చట్టము ఈ సూత్రమును కొంతవరకు అంగీకరించినది. 2016 నాటి రియల్ ఎస్టేటు చట్టము 12వ సెక్షను ప్రకారము, ప్రకటననో నమూనానో నమ్మి సొమ్ము చెల్లించినవాడు అందలి అసత్యముచే నష్టపోయినచో, నిర్మాత పరిహారమీయవలెను; కొనుగోలుదారుడు కోరినచో సొమ్ము వడ్డీతో మరలింపవలెను. ప్రకటనమీద రెరా రిజిస్ట్రేషను సంఖ్య ముద్రింపవలెనని 11వ సెక్షను చెప్పుచున్నది. కాని 500 చదరపు మీటర్లకు మించని స్థలము, ఎనిమిదికి మించని ఫ్లాట్లు గల నిర్మాణములు ఈ రిజిస్ట్రేషనుకు వెలుపల నున్నవి. బొగ్గుసీమ పట్టణములలో లేచు ఇండ్లలో అత్యధికము ఇట్టి చిన్నవే. కావున విరమణసొమ్ము వెచ్చించు కార్మికునకు ఈ చట్టము అక్కరకు వచ్చుట అరుదు. ఆతనికి రక్ష ఆతని జాగ్రత్తయే.

కాబట్టి మా సూచనలు నాలుగు. మొదటిది గృహస్థులకు. బొమ్మ చూపినవానిని ఒక్క ప్రశ్న అడుగుడు: ఇది ప్లాను కొలతలనుండి వచ్చినదా, ఊహనుండి వచ్చినదా? కొలతలనుండి వచ్చినచో దానిమీద ప్లాను సంఖ్య, తేది, వ్రాసినవాని పేరు వేయించి, నిర్మాణపు ఒప్పందమునకు జతపరచుడు. అట్టి పనికి సగము సొమ్ము ముందుగ నిచ్చి, మార్పులెన్నియో ముందే నిర్ణయించుకొనుడు. లక్షల ఇంటికి వేల రూపాయల నిజచిత్రము దండుగ గాదు. కూల్చి కట్టిన ఒక్క గోడ ఖర్చుతో పోల్చి చూచుకొనుడు.

రెండవది చిత్రకారులకు. బావిమొగ లేనివారు దానిని నిర్మించుకొనవలెను. గోదావరిఖని, మంచిర్యాల, పెద్దపల్లి పనివారు సహకారసంఘముగ నేర్పడి, కనీసధరను, ఒప్పందపత్రపు నమూనాను నిర్ణయించుకొనవలెను. ఖరీదైన కంప్యూటరును ఉమ్మడిగ కొనవచ్చును. అద్దె సాధనములకు బదులు ఉచితసాధనములు నేర్పుకొనవచ్చును. నేతపనివారు సహకారసంఘములు పెట్టుకొన్నది మిల్లును ఆపుటకు గాదు, మిల్లుముందు నిలుచుటకు. యంత్రముతో పుట్టిన బొమ్మను యంత్రపు బొమ్మయనియే చెప్పి అమ్ముట సంఘనియమము కావలెను. ప్రతిష్ఠయే వీరి మూలధనము.

మూడవది నిర్మాతలకు. ఉచితపు బొమ్మతో కొనుగోలుదారుని రప్పింపవచ్చును, నిలుపుకొనజాలరు. మోసపోయినవాడు పదిమందికి చెప్పును. ఖనివంటి ఊరిలో ఆ పదిమందియు ఒకే షిఫ్టులో పనిచేయువారగుదురు.

నాలుగవది ప్రభుత్వమునకును, అందు 51 పాళ్ళ వాటా రాష్ట్రమునకే గల సింగరేణి సంస్థకును. ఈ ప్రాంతపు ప్రజాధనముతో తలపెట్టు కాలనీలు, ఆసుపత్రులు, మునిసిపల్ కార్పొరేషను నిర్మాణములు చిత్రములతోనే ప్రకటింపబడుచున్నవి. ఆ చిత్రములను స్థానికుల చేత వ్రాయించుడు. ప్రతి చిత్రముక్రింద మంజూరైన నిధి ఎంత, ముగింపు గడువు ఎప్పుడు, చిత్రములోనిదేది మంజూరైనది, ఏది కోరిక మాత్రమే అను మూడు సంగతులు వ్రాయించుడు. కృత్రిమచిత్రములకు గుర్తు ఉండవలెనని 2025 అక్టోబరున కేంద్రప్రభుత్వమే ముసాయిదా నియమములు ప్రకటించినది గదా. ఆ నీతిని ప్రభుత్వములు మొదట తమ చిత్రములకే వర్తింపజేసికొన్నచో ప్రజలు హర్షింతురు.

భూగర్భమున చీకటిలో పనిచేసినవాడు తన ఇంటిని వెలుగులో చూడగోరుట సహజము. ఆ కోరికను సొమ్ము చేసికొనుటకు వేయి బొమ్మలు సిద్ధముగ నున్నవి. ఆ కోరికను నిజము చేయుటకు మాత్రము నమ్మదగిన గీత ఒక్కటి చాలును. గనిలో పైకప్పు నిలుచునా లేదా యని కర్రతో తట్టి, శబ్దము విని, తన మాటపై పదిమంది ప్రాణములు నిలుపు అనుభవజ్ఞుని ఈ సీమ ఎన్నడును గౌరవించినది. ఇంటిబొమ్మ వ్రాయు యువకునినుండియు ఆ తీరు పూచీనే కోరుదము. కోరినదానికి తగిన వెలయు చెల్లింతము.